వన్ వే టికెట్ మీద బ్యాంకాక్ ప్రయాణం: ఆన్‌వర్డ్ టికెట్ గురించి, ఫ్లైట్ల గురించి

మీరు అడిగింది ఇదీ: ఉద్యోగం మారే మధ్యలో ఐదారు వారాలు ఖాళీ దొరికింది. స్నేహితుడితో కలిసి హైదరాబాద్ నుంచి బ్యాంకాక్‌కి వన్ వే టికెట్ మీద వెళ్ళి, అక్కణ్ణుంచి రైల్లో లావోస్, తర్వాత వియత్నాం, చివరికి బాలి చూడాలని ప్లాను. తిరిగొచ్చే తేదీ ఇంకా అనుకోలేదు. ఆన్‌వర్డ్ టికెట్ (దిగిన దేశం నుంచి బయటికి పోయే టికెట్) అడుగుతారని, ఎనిమిది వందలిస్తే డమ్మీ టికెట్ ఇస్తానని మీ ఊళ్ళో ఏజెంటు చెప్పాడు. అది తీసుకోవచ్చా, అసలు ఏ ఫ్లైట్లు బుక్ చేసుకోవాలి అని.

డమ్మీ టికెట్ వద్దు. వన్ వే కూడా వద్దు. మీ ప్లానుకి సరిపోయేది హైదరాబాద్–బ్యాంకాక్ రానూపోనూ టికెట్, అదీ తిరుగు తేదీ మార్చుకోవడానికి వీలున్న ఫేర్‌లో. నేను మొదట్లో షంషాబాద్‌లో చెక్-ఇన్ కౌంటర్లో పనిచేశాను, తర్వాత టికెటింగ్‌లోకి వచ్చి అక్కడే స్థిరపడ్డాను. కౌంటరుకి రెండు వైపులా ఏం జరుగుతుందో చూసినవాణ్ణి కాబట్టి కారణాలతో సహా రాస్తున్నాను. కాస్త పొడవవుతుంది, ఓపిగ్గా చదవండి.

చాలామంది బ్యాంకాక్‌లో దిగాక ఇమిగ్రేషన్ ఆఫీసరు ఏమడుగుతాడోనని బెంగ పెట్టుకుంటారు. అసలు గండం అక్కడ కాదు, షంషాబాద్‌లో బోర్డింగ్ పాస్ ఇచ్చే కౌంటర్ దగ్గరే. ఆ కౌంటర్లో కూర్చున్న అమ్మాయి మీ పాస్‌పోర్ట్ చూసి, మీరు వెళ్ళే దేశం పేరు కంప్యూటర్లో కొడుతుంది. టిమాటిక్ అని అంతర్జాతీయ విమానయాన సంస్థల సంఘం అయాటా నడిపే డేటాబేస్ ఉంది. ఏ దేశపు పాస్‌పోర్ట్ ఉన్నవాళ్ళు ఏ దేశానికి వెళ్ళాలంటే ఏమేం ఉండాలో అందులో ఉంటుంది. వీసా, పాస్‌పోర్ట్‌కి మిగిలి ఉండాల్సిన గడువు, ఆన్‌వర్డ్ టికెట్ అన్నీ అక్కడే కనిపిస్తాయి. తెరమీద "తిరుగు లేదా ఆన్‌వర్డ్ టికెట్ ఉండాలి" అని వస్తే ఆ అమ్మాయి అడిగి తీరాలి. "మా ఫ్రెండ్ పోయిన నెల వెళ్ళాడు, ఎవరూ అడగలేదు" అన్న మాట అక్కడ పనికిరాదు.

వాళ్ళు అంత పట్టుబట్టడానికి కారణం ఉంది. 1944 నాటి షికాగో ఒప్పందంలో తొమ్మిదో అనుబంధం ప్రకారం, ఏ దేశమైనా ఒక ప్రయాణికుణ్ణి లోపలికి రానివ్వకపోతే అతన్ని వెనక్కి తీసుకుపోవాల్సిన బాధ్యత తీసుకొచ్చిన ఎయిర్‌లైన్‌దే. దానికి తోడు చాలా దేశాల్లో జరిమానాలున్నాయి. సరైన కాగితాలు లేనివాళ్ళను తీసుకొస్తే బ్రిటన్‌లో మనిషికి 2,000 పౌండ్లు. మన దేశం కూడా 2000లోనే ఇందుకోసం చట్టం చేసి అప్పట్లో లక్ష రూపాయల జరిమానా పెట్టింది. అందుకే అనుమానం వస్తే కౌంటర్లో వాళ్ళు సూపర్‌వైజర్‌ని పిలుస్తారు, సూపర్‌వైజర్ కూడా కాదంటే మీరు ఆగిపోయినట్టే. ఆ టికెట్ డబ్బు తిరిగి రావడమూ కష్టమే, ఎందుకంటే కాగితాలు సరిగ్గా తెచ్చుకోవడం ప్రయాణికుడి బాధ్యత అని షరతుల్లోనే రాసి ఉంటుంది.

ఇప్పుడు ఆన్‌వర్డ్ టికెట్ అంటే ఏది చెల్లుతుందో చూద్దాం. మీరు మొదట దిగే దేశం నుంచి బయటికి పోయే టికెట్ కావాలి. అది మీ పేరు మీద, డబ్బు కట్టి ఖాయమైన టికెట్ అయి ఉండాలి. తేదీ ఆ దేశం మిమ్మల్ని ఉండనిచ్చే రోజుల లోపల ఉండాలి. ఈ మూడింటిలో ఎక్కువమంది తప్పేది మొదటి దాంట్లో. "నా దగ్గర బాలి నుంచి హైదరాబాద్‌కి టికెట్ ఉంది కదా, తిరిగొస్తున్నట్టే కదా" అంటారు. థాయిలాండ్ సంగతి అడుగుతుంటే ఆ టికెట్ ఏమీ చెప్పదు, మీరు బ్యాంకాక్ నుంచి బాలికి ఎలా పోతారన్నది అందులో లేదు కాబట్టి. కొందరు స్టాఫ్ ఒప్పుకుంటారు, కొందరు ఒప్పుకోరు. అర్ధరాత్రి లైన్లో నిలబడి ఎదురుగా ఉన్నది ఏ రకం మనిషో తెలుసుకోవాల్సిన పరిస్థితి తెచ్చుకోకండి.

రైలు, బస్సు టికెట్లకూ ఇదే ఇబ్బంది. 2024 జూలై నుంచి బ్యాంకాక్ నుంచి లావోస్ రాజధాని వియంటియాన్‌కి నేరుగా రైలు నడుస్తోంది, మీరు దాని గురించే అడుగుతున్నారనుకుంటున్నాను. మంచి ప్రయాణమే. కానీ మన కౌంటర్లలో ఆ కాగితాన్ని గుర్తుపట్టేవాళ్ళు తక్కువ. పైగా రోడ్డు దారి ఎప్పుడూ తెరిచే ఉంటుందన్న ధీమా వద్దు. 2025లో థాయిలాండ్, కంబోడియా మధ్య గొడవ ముదిరి సరిహద్దు గేట్లు మూసేశారు. బ్యాంకాక్ నుంచి కంబోడియాలోని సియెం రీప్‌కి బస్సులో పోదామని ప్లాను వేసుకున్నవాళ్ళంతా విమానం టికెట్లు వెతుక్కోవాల్సి వచ్చింది. రైలెక్కండి, తప్పులేదు. కౌంటర్లో చూపించడానికి మాత్రం విమానం టికెట్ ఉండాలి.

డమ్మీ టికెట్ దగ్గరికొద్దాం. ఏజెంట్లు ఇచ్చేది రెండు రకాలు. ఒకటి పూర్తిగా దొంగ కాగితం, పాత టికెట్ పీడీఎఫ్‌లో పేరు, తేదీ మార్చి ఇస్తారు. అది ఫోర్జరీ, దాన్ని ప్రభుత్వ అధికారి ముందు పెట్టడం నేరం. రెండోది నిజమైన సిస్టంలోనే సీటు పట్టి ఉంచిన బుకింగ్. ఆరు అక్షరాల పీఎన్ఆర్ వస్తుంది, ఎయిర్‌లైన్ వెబ్‌సైట్‌లో కొడితే మీ పేరు కూడా కనిపిస్తుంది. కానీ డబ్బు కట్టలేదు కాబట్టి ఒకట్రెండు రోజుల్లో, ఒక్కోసారి కొన్ని గంటల్లోనే అదే రద్దవుతుంది. పెద్ద ఎయిర్‌లైన్స్‌లో డబ్బు కట్టిన టికెట్‌కి పీఎన్ఆర్‌తో పాటు పదమూడు అంకెల టికెట్ నంబరు ఉంటుంది. మొదటి మూడు అంకెలు ఎయిర్‌లైన్‌వి: ఎయిర్ ఇండియాకి 098, థాయ్ ఎయిర్‌వేస్‌కి 217, సింగపూర్ ఎయిర్‌లైన్స్‌కి 618. కౌంటర్లో అనుభవమున్న మనిషి కాగితం చేతికి రాగానే వెతికేది ఆ నంబరునే. ఎయిర్ఏషియా లాంటి చౌక సంస్థల్లో పీఎన్ఆర్‌తోనే సరిపెడతారు గానీ, వాటిలో డబ్బు కట్టకుండా బుకింగ్ ఖాయమవదు, కాబట్టి అక్కడ బుకింగ్ నిలిచి ఉందంటే డబ్బు కట్టినట్టే లెక్క.

నల్గొండ వైపు నుంచి వచ్చిన ఒక కొత్త జంట మా కౌంటర్ ముందు నిలబడిపోవడం చూశాను. వాళ్ళకు డమ్మీ అని కూడా తెలీదు, ఏజెంటు "అన్నీ ఇందులో ఉన్నాయి" అని ఫైలు చేతిలో పెట్టాడట. తిరిగొచ్చే టికెట్ పీఎన్ఆర్ కొడితే సిస్టంలో లేదు. హోటల్ డబ్బు కట్టేశారు, ఏజెంటు ఫోన్ ఎత్తడు. అప్పటికప్పుడు ఫోన్లోనే తిరుగు టికెట్ కొనుక్కున్నారు, ఆ గంటలో ఉన్న ధర పెట్టి. ఆ అమ్మాయి మొహం నాకింకా గుర్తుంది. డబ్బు తీసుకుని ఇలాంటి కాగితాలు ఇచ్చేవాళ్ళంటే నాకు కోపం, దాచుకోను.

ఇక మీకు ఎవరూ చెప్పని ఇంకో సంగతి. చెక్-ఇన్ దాటాక మన ఇమిగ్రేషన్ ఉంది కదా, వాళ్ళూ అడుగుతారు. మీ ఇద్దరి పాస్‌పోర్ట్‌లు తెరిచి ఈసీఆర్ (ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్, అంటే కొన్ని దేశాలకు పనికి పోవాలంటే ముందు ప్రభుత్వ అనుమతి కావాలని) అని ఉందేమో ఇవాళే చూడండి. పదో తరగతి పాసైనట్టు కాగితం పెట్టకుండా తీసుకున్న పాస్‌పోర్ట్‌ల మీద ఆ ముద్ర ఉంటుంది. ఈసీఆర్ దేశాల జాబితాలో మొత్తం పద్దెనిమిది దేశాలున్నాయి. అందరికీ గుర్తొచ్చేది గల్ఫ్ దేశాలే, కానీ థాయిలాండ్, మలేసియా, ఇండోనేషియా కూడా అందులోనే ఉన్నాయి. ఈసీఆర్ పాస్‌పోర్ట్ ఉన్నవాళ్ళు పనికి కాకుండా ఊరికే చూడ్డానికి ఆ దేశాలకు వెళ్ళాలంటే రిటర్న్ టికెట్ చూపించాలి. మీరు ఇంజినీరింగ్ చదివారు కాబట్టి మీకు ఉండకపోవచ్చు, మీ స్నేహితుడిది చూడండి. పదో తరగతి సర్టిఫికెట్ ఉంటే ప్రయాణానికి ముందే పాస్‌పోర్ట్ ఆఫీసులో నాన్-ఈసీఆర్‌గా మార్పించుకోవచ్చు.

ఈసీఆర్ లేకపోయినా సరే, వయసులో ఉన్న ఇద్దరు మగపిల్లలు వన్ వే టికెట్‌తో బ్యాంకాక్ పోతుంటే ప్రశ్నలు తప్పవు. దానికి కారణం మన దగ్గరే ఉంది. డేటా ఎంట్రీ ఉద్యోగాలని చెప్పి మన కుర్రాళ్ళను టూరిస్టుల్లా బ్యాంకాక్ మీదుగా దాటించి, కంబోడియా, మయన్మార్‌లలో సైబర్ మోసాల ముఠాలకు అప్పగించారు. 2024 మే నెలలో విశాఖ పోలీసులు అలాంటి ఏజెంట్లను అరెస్టు చేశారు. ఆ పిల్లలు అక్కడ పడ్డ నరకం వాళ్ళ నోటితోనే బయటికొచ్చింది. కాబట్టి ఆఫీసరు "ఎక్కడ ఉంటారు, ఎవరు పిలిచారు, ఎప్పుడొస్తారు" అని అడిగితే చిరాకు పడకండి. హోటల్ బుకింగ్, తిరుగు టికెట్, ఇక్కడి ఆఫీసు వాళ్ళిచ్చిన ఆఫర్ లెటర్ ఫోన్లో ఉంచుకుని నిదానంగా జవాబు చెప్పండి.

అందుకే రానూపోనూ టికెట్ తీసుకోమంటున్నాను. హైదరాబాద్–బ్యాంకాక్–హైదరాబాద్ ఒకే టికెట్ మీద ఉంటే అది షంషాబాద్‌లో చెక్-ఇన్‌కి, మన ఇమిగ్రేషన్‌కి, బ్యాంకాక్‌లో దిగాక అక్కడి ఆఫీసరుకి సరిపోతుంది. బాలి చూశాక బ్యాంకాక్‌కి తిరిగొచ్చేటప్పుడు బాలి ఎయిర్‌పోర్ట్‌లో మళ్ళీ థాయిలాండ్‌కి ఆన్‌వర్డ్ అడిగితే అప్పుడూ అదే టికెట్ చూపిస్తారు. పెద్ద ఎయిర్‌లైన్స్‌లో రెండు వన్ వేలు విడిగా కొనేకన్నా రానూపోనూ కొంటే చాలాసార్లు తక్కువకే వస్తుంది కూడా. చూసుకోవాల్సింది ఫేర్ షరతులు. అన్నిటికన్నా చౌక ఫేర్ పక్కన "తేదీ మార్పు: రుసుముతో" అని ఉందా, "మార్పు లేదు" అని ఉందా చదవండి. రుసుముతో అంటే ఆ రుసుము, పైన ఆరోజు ధరలో తేడా రెండూ కట్టాలి. అందుకని తిరుగు తేదీని అందాజాగా ఎక్కువ రద్దీ లేని వారం మధ్యలో పెట్టుకోండి, తర్వాత అటూ ఇటూ జరిపినా తేడా తక్కువ పడుతుంది.

ఆ తేదీ థాయిలాండ్ మిమ్మల్ని ఉండనిచ్చే రోజుల లోపల ఉండాలని చెప్పాను కదా. 2024 జూలైలో భారతీయులకు వీసా లేకుండా 60 రోజులు ఇచ్చారు. ఈ లెక్కలు ప్రభుత్వాలు మారినా, అభిప్రాయాలు మారినా మారుతుంటాయి. టికెట్ కొనే రోజున థాయ్ ఎంబసీ వెబ్‌సైట్‌లో చూసుకున్నాకే తేదీ ఖాయం చేయండి. మీ ఐదారు వారాలు ఆ గడువులో పట్టకపోతే తిరుగు తేదీ ఆ గడువు లోపలే పెట్టి కొనండి, వియత్నాం చేరాక తర్వాతి తేదీకి జరుపుకోండి. మనిషికి 20,000 బాత్ చేతిలో ఉన్నట్టు చూపించమని కూడా థాయ్ ఇమిగ్రేషన్ అడగొచ్చు. ఎప్పుడోగానీ అడగరు, అయినా కొంత నగదు, మిగతాది ఫారెక్స్ కార్డులో ఉంచుకోండి.

రానూపోనూ వద్దు, తిరుగు దారి వేరే ఉంటుంది అనుకుంటే, చౌక సంస్థలో బ్యాంకాక్ నుంచి వియత్నాం రాజధాని హనోయ్‌కి టికెట్ నిజంగానే కొనేయండి. సుమారు రెండు గంటల ప్రయాణం, ముందుగా చూస్తే ధర ఎక్కువుండదు. రైల్లో లావోస్ పోయి దాన్ని వదిలేసినా, డమ్మీతో చిక్కుకుని పోగొట్టుకునే దాని ముందు అది చాలా చిన్న మొత్తం. రిఫండబుల్ టికెట్ కొని తర్వాత రద్దు చేసుకుందామనుకుంటే ఎయిర్‌లైన్ సొంత సైట్‌లోనే కొనండి. బుకింగ్ యాప్‌లలో కొంటే ఎయిర్‌లైన్ మొత్తం ఇచ్చినా యాప్ వాళ్ళ సర్వీసు చార్జీలు పోతాయి, డబ్బు వాళ్ళ చేతులు మారి మీ దగ్గరికొచ్చేసరికి వారాలు పడుతుంది. విమానం బయల్దేరకముందే రద్దు చేయాలి, మర్చిపోతే నో షో (టికెట్ ఉండీ ఎక్కనివాళ్ళు) కింద డబ్బు పోతుంది.

ఫ్లైట్ల ఎంపికలో ధర ఒక్కటే చూడకండి. బ్యాంకాక్‌కి రెండు విమానాశ్రయాలున్నాయి. థాయ్ ఎయిర్‌వేస్ లాంటివి సువర్ణభూమిలో దిగుతాయి, ఎయిర్ఏషియా లాంటి చౌక సంస్థలు ఎక్కువగా డాన్ మువాంగ్ నుంచి నడుస్తాయి. పొద్దున సువర్ణభూమిలో దిగి మూడు గంటల్లో డాన్ మువాంగ్ నుంచి హనోయ్ ఎక్కుదామని విడివిడి టికెట్లు కొన్నవాళ్ళను చూశాను. ఇమిగ్రేషన్ లైను, సామాను, ఊళ్ళో ట్రాఫిక్ దాటుకుని వెళ్ళేసరికి గేటు మూసేస్తారు. విడి టికెట్లయితే రెండో ఎయిర్‌లైన్‌కి మీ మొదటి విమానం ఆలస్యంతో సంబంధం లేదు, కొత్త టికెట్ మీరే కొనాలి. ఒకే టికెట్ మీద రెండు విమానాలుంటే తర్వాతి దాంట్లో ఎక్కించే బాధ్యత వాళ్ళది. విడిగా కొనక తప్పకపోతే మధ్యలో ఒక రాత్రి ఉండేలా పెట్టుకోండి.

సింగపూర్ మీదుగా చౌకగా కనిపించిందని రాశారు. జాగ్రత్త. మనకు సింగపూర్‌కి వీసా కావాలి. ఒకే టికెట్ మీద సామాను చివరిదాకా ట్యాగ్ అయితే లోపల్లోపలే మారిపోవచ్చు, వీసా అక్కర్లేదు. రెండు విడి టికెట్లు, సామాను అక్కడ తీసుకుని మళ్ళీ ఇవ్వాలి అంటే బయటికి రావాలి, వీసా లేకుండా రాలేరు. దాంతో ఇక్కడ కౌంటర్లోనే ఆపేస్తారు. కౌలాలంపూర్ అయితే ఆ బాధ తక్కువ. 2023 డిసెంబర్ నుంచి మలేసియా భారతీయులను 30 రోజుల దాకా వీసా లేకుండా రానిస్తోంది, బయటికొచ్చి సామాను మార్చుకోవాలంటే ముందే వాళ్ళ డిజిటల్ అరైవల్ కార్డు నింపాలి. అక్కడా రెండు టెర్మినళ్ళున్నాయి, ఎయిర్ఏషియా రెండోదాంట్లో ఉంటుంది, మధ్యలో రైలెక్కి పోవాలి.

థాయిలాండ్‌కీ 2025 మే 1 నుంచి డిజిటల్ అరైవల్ కార్డు తప్పనిసరి, దిగే ముందు మూడు రోజుల్లోపు నింపాలి. అది ఉచితం. గూగుల్‌లో పైన వచ్చే సైట్లు కొన్ని దీనికి డాలర్లు గుంజుతున్నాయి, థాయ్ ప్రభుత్వపు సైటేనా అని అడ్రస్ చూసి నింపండి. వియత్నాం ఈ-వీసా 90 రోజుల దాకా ఇస్తున్నారు, ఒకసారి ప్రవేశానికి 25 డాలర్లు. దరఖాస్తులో ఎక్కడి నుంచి ప్రవేశిస్తారో రాయాలి. లావోస్ నుంచి రోడ్డు మీద దాటాలనుకుంటే ఆ చెక్‌పోస్టు ఈ-వీసా చెల్లే జాబితాలో ఉందో లేదో చూసుకుని దాని పేరే పెట్టండి.

తేదీల విషయంలో రెండు మాటలు. హైదరాబాద్ నుంచి బ్యాంకాక్ వైపు వెళ్ళే విమానాలు చాలావరకు అర్ధరాత్రి దాటాక బయల్దేరతాయి. టికెట్ మీద 12వ తేదీ 00:40 అని ఉంటే మీరు 11వ తేదీ రాత్రి తొమ్మిదిన్నరకల్లా షంషాబాద్‌లో ఉండాలి. 12 రాత్రి వచ్చి విమానం పోయిందని తెలుసుకునే కుటుంబాలు ప్రతి సీజన్‌లోనూ ఉంటాయి.

బాలిలో ఇదే లెక్క ఇంకోలా దెబ్బతీస్తుంది. అక్కడ వీసా ఆన్ అరైవల్ (దిగాక ఇచ్చే వీసా) 5,00,000 ఇండోనేషియా రూపాయా, ఆన్‌లైన్‌లో ముందే తీసుకోవచ్చు, దానికీ వెనక్కో ముందుకో పోయే టికెట్ కావాలి. 30 రోజులు ఇస్తారు, దిగిన రోజే ఒకటో రోజు. రాత్రి 11:50కి దిగినా ఆ పది నిమిషాలు ఒక రోజే. తిరుగు విమానం ముప్పయ్యో రోజు రాత్రి అనుకుని ముప్పై ఒకటో రోజు 00:30 విమానం కొంటే కౌంటర్లోనే తేదీ దాటిందంటారు. గడువు దాటి ఉంటే (ఓవర్‌స్టే) జరిమానా రోజుకి పది లక్షల ఇండోనేషియా రూపాయా. మీరు బాలిలో పది రోజులకు మించి ఉండనన్నారు కాబట్టి భయం లేదు గానీ, మనసు మారి పొడిగిస్తే ఇరవై ఎనిమిదో రోజు పగటి విమానం దాటనివ్వకండి. ఇద్దరి పాస్‌పోర్ట్‌లకూ చివరి దేశం చేరే రోజుకి కనీసం ఆరు నెలల గడువు ఉందో లేదో చూసి, ఈసీఆర్ సంగతి తేలాక, మీకు నచ్చిన తేదీలు ఇక్కడ రాయండి. ఏ ఫేర్ షరతులు మీకు సరిపోతాయో చూసి చెప్తాను.